కవరు విప్పగానే వచ్చిన వాసన

మొదటి కవరు కత్తిరించగానే వాసన గుప్పుమంది. రాన్‌వేగ్ ముఖం పక్కకి తిప్పుకుంది. బూజు వాసన కాదు, పులిసిన వాసన కాదు. పాడైపోయిన రొట్టె ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది నర్సు సూది వేసేముందు దూదితో చెయ్యి తుడిచినప్పుడు వచ్చే వాసన. ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఇంట్లో ఎవరూ పేరెత్తని సారా వాసన. కవరు తిప్పి చూస్తే వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, తాజాగా ఉండడానికి కొద్దిగా స్పిరిట్ చల్లామని, విప్పి కాసేపు గాలికి ఉంచితే పోతుందని ఉంది. లోపలున్న లెఫ్సె రొట్టె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. బాగానే ఉంది. ఇంకాస్త తుంచుకుంది. బాగుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు గాని, బాగుంది. కొన్నవాటిలో సగం కారు డిక్కీలోనే ఉంచి, ముందు రుచి ఎలా ఉందో చూద్దామని మిగతా సగం లోపలికి తెచ్చింది. తెచ్చినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించి బల్ల మీద పరిచింది. బయట సముద్రం మీంచి ఏటవాలుగా వాన కొడుతోంది, కిటికీలు తీసే వీల్లేదు. ఆ గాలి ఆ వంటింట్లోనే తిరుగుతూ ఉండిపోయింది.

కొన్న లెఫ్సె ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచి, ప్రతి నవంబరులో ప్రార్థన మందిరం వాళ్ళు పెట్టే బజారుకి ఆ ఇంటి తరఫున లెఫ్సె చేసిచ్చేది ఆమే. బంగాళాదుంపలు ఉడకబెట్టి, చెయ్యి కాలుతుండగానే చిదిమి, పిండి కలిపి, పళ్ళేనికి రెండింతలు వెడల్పున పల్చగా వత్తి, చిరక్కుండా పొడవాటి పుల్ల మీదకి ఎత్తి పెనం మీద పరచాలి. ఒకటీ అరా కాదు, మందిరం నిండా జనానికి సరిపడా. ఆ తర్వాత వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి రాసి, మడిచి, ముక్కలు కోసి బల్లల మీద సర్దాలి. మగవాళ్ళు కాఫీతో పాటు తింటారు, లాటరీ టికెట్లు కొంటారు, చివర్లో ఎవరో ఒక పెద్దమనిషి మైకు దగ్గరికెళ్ళి మన ఆడవాళ్ళ చేతులకి చప్పట్లు కొట్టమంటాడు. చప్పట్లు బాగానే పడతాయి. ఆ చేతుల్ని మోసే భుజాల సంగతి ఎవరూ ఎత్తరు.

రాన్‌వేగ్ కుడి భుజం పోయినేడు చలికాలం నుంచి సరిగ్గా లేదు. ఆమె పని చేసేది ఊళ్ళోని వృద్ధుల ఆశ్రమంలో, లాండ్రీలో. తడిసిన దుప్పట్ల బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ మాట ఇంట్లో అంటే, "ఉతికేది మిషనేగా, నువ్వు మీట నొక్కడమేగా," అన్నాడు మొగుడు హల్వార్డ్. అతను ట్రాక్టర్లు బాగుచేస్తాడు. అతని నడుం పట్టేస్తే మాత్రం ఇల్లంతా మునివేళ్ళ మీద నడవాలి. అత్తగారు తోర్‌బోర్గ్ ఆ పెరట్లోనే చిన్న ఇంట్లో ఉంటుంది. ఆవిడ ఇంకో రకం. "నాకు డెబ్బై దాటాక కూడా మా ఇంట్లోకి నేనే వత్తుకున్నాను. నొప్పి నొప్పి అనుకుంటూ కూర్చుంటే అది ఎక్కడికి పోతుంది," అంది. చెయ్యికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలని డాక్టరు అన్న సంగతి రాన్‌వేగ్ భోజనాల దగ్గర చెప్పింది. హల్వార్డ్ బంగాళాదుంప తొక్క తీసుకుంటూ, "మంచిదే, ఇవ్వు మరి," అన్నాడు. తిన్న కంచం అక్కడే వదిలేసి లేస్తూ, ఆదివారం చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు. విశ్రాంతి అంటే ఎవరో వచ్చి ఇచ్చిపోయే సరుకు కాదని, ఆమె వదిలేసిన పని ఇంకెవరో అందుకుంటేనే దొరుకుతుందని, ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పోనీ తనైనా నోరు విప్పి అలా చెప్పిందా అంటే అదీ లేదు. అందుకే ఈసారి పక్క ఊరి దుకాణానికి వెళ్ళి, తెలిసినవాళ్ళెవరూ లేరని చూసుకుని, కవర్లు బుట్టలో వేసుకుంది. కొన్నవాటికే వెన్న రాసి మడిచేస్తే బజారులో ఎవడు కనిపెడతాడులే అనుకుంది. కనిపెడితే మాత్రం పరువు పోయినట్టే. ఒకసారి ఎవరో కొన్న లెఫ్సె తెస్తే, "ప్రార్థన కూడా అక్కడే కొనుక్కొస్తే పోయేదిగా," అని తోర్‌బోర్గ్ అందరూ వినేలా అంది.

వీధి తలుపు చప్పుడైంది. గాలివాన ఎక్కువైందని హల్వార్డ్ షెడ్డు మూసేసి తొందరగా వచ్చాడు. రాన్‌వేగ్ బల్ల మీద ఉన్నవన్నీ చేతికందినట్టు పోగేసి చల్లగా ఉన్న ఓవెన్‌లోకి తోసింది, కవర్లు ఉండచుట్టి చేతిసంచిలో కుక్కింది. వంగి లేచేసరికి ముఖం ఎర్రబడింది, జుట్టు చెదిరింది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. "ఏంటీ వాసన?"

"ఏ వాసన? నాకేం రావట్లేదే."

"రావట్లేదా?"

"భుజానికి మందు రాసుకున్నా. అదేనేమో."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చేతిసంచి వంక చూశాడు. అందులో ప్లాస్టిక్ కవర్లు తమంతట తామే విచ్చుకుంటూ చిటపటమంటున్నాయి. బూట్లు విప్పుకోవడానికి వెళ్ళిపోయాడు. బతికిపోయాను, లెఫ్సె సంగతి బయటపడలేదు అనుకుంది రాన్‌వేగ్. మర్నాడు వాటన్నిటినీ లాండ్రీకి పట్టుకెళ్ళింది. అక్కడివాళ్ళు కాఫీతో పాటు మొత్తం ఖాళీ చేశారు. ఎవరు వత్తారని ఒక్కరూ అడగలేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది. బజారు ముందురోజు డిక్కీలో ఉన్నవి తీసుకోవాలి, కిటికీ తెరుచుకునే వాతావరణం చూసుకుని విప్పాలి, అంతే.

ఆ వారంలోనే ఇల్లు మారిపోయింది.

ముందు హల్వార్డ్ గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. చొక్కా చేతులు మడిచి, స్పాంజి మీద సబ్బు బుడ్డి సగం ఒంపి, ట్రాక్టరు భాగాలు కడిగినట్టు కడిగాడు. ఆమె లేవబోతే, "కూర్చో, నేను చూస్తాగా," అన్నాడు. ఆ గొంతు పెళ్ళికి ముందు ఎప్పుడో విన్నది. తర్వాత అత్తగారు వచ్చింది. కేకు డబ్బా వెతుక్కుంటున్నానని చెప్పి అలమరాలు అన్నీ తీసి చూసింది, సింకు కింద కూడా చూసింది. కేకు డబ్బాలు సింకు కింద ఎవరు పెట్టుకుంటారు అనుకుంది రాన్‌వేగ్. వయసు మీదపడుతోందిలే అని సరిపెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ తోర్‌బోర్గ్ కోడలి చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ పట్టుకున్నది పిండి జిగురు సరిపోయిందో లేదో చూడ్డానికే. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా? మా ఇంట్లో శుక్రవారం నేల తుడవడానికి నువ్వేం రాకు. నేనే తుడుచుకుంటాలే."

మూడోది ఆడపడుచు ఆర్న్‌లాగ్. బజారు బాధ్యతలన్నీ ఆవిడవే. ఫోను చేసింది. "వదినా, ఈసారి లెఫ్సె సంగతి నువ్వు పట్టించుకోకు. నేనూ, ఇంకో నలుగురం పంచుకున్నాం. నువ్వు హాయిగా రెస్టు తీసుకో. మేమంతా నీ గురించే ప్రార్థిస్తున్నాం."

ఫోను పెట్టేశాక రాన్‌వేగ్ సోఫాలో కూర్చుండిపోయింది. అలమరా వెనక పెనం దాని చోట అది ఉంది, పుల్ల దాని చోట అది ఉంది. వాటిని ఈ ఏడు ముట్టుకోనక్కర్లేదు. ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది, అందులో దాపరికం లేదు. చూశారు, ఇన్నాళ్ళకి చూశారు, అనుకుంది. ఎడమచేత్తో కాఫీ గ్లాసు పట్టుకోవడం, పైఅర అందుకోవడానికి ముక్కాలి పీట ఎక్కడం, పడుకున్నాక పక్కకి తిరగలేక నిట్టూర్చడం, ఇవన్నీ కళ్ళున్నవాళ్ళకి ఎప్పటికైనా కనపడకపోవు కదా. వాళ్ళని తను మనసులో ఎన్నెన్ని అనుకుంది. హల్వార్డ్‌ని మొద్దు అనుకుంది, అత్తగారిని రాయి అనుకుంది. చెప్పడం తెలియని మనుషులు గాని ప్రేమ లేని మనుషులు కారు. కొన్న లెఫ్సె కోసం దొంగలా పక్క ఊరికి పోయినందుకు సిగ్గేసింది. ఇప్పుడు వాటితో పని కూడా లేదు. ఆ రాత్రి అతను దుప్పటి సర్ది కప్పుతుంటే, "థాంక్స్," అంది. "దేనికి?" అన్నాడు. "అన్నిటికీ," అంది. అతని కళ్ళు తడయ్యాయి. ఇంత మెత్తని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేస్తూ ఈ మెత్తదనం ఎలా కనిపెట్టలేకపోయానా అని ఆశ్చర్యపోయింది.

బజారుకి ఇంకా రెండు రోజులుందనగా, కవర్లు ఊరికే పాడవుతాయి, లాండ్రీ వాళ్ళకే ఇచ్చేద్దాం అనుకుంది రాన్‌వేగ్. కారు తాళంచెవి మేకుకి లేదు. కోటు జేబులో చూసింది, సొరుగులో చూసింది, లేదు. సాయంత్రం హల్వార్డ్ గిన్నెలు తోముతున్నాడు. తోర్‌బోర్గ్ బల్ల దగ్గర కూర్చుని అల్లుకుంటోంది. ఈమధ్య ఆవిడ రోజూ వస్తోంది.

"హల్వార్డ్, కారు తాళాలు చూశావా?"

అతను వెనక్కి తిరగలేదు. "నా దగ్గరున్నాయి."

"ఒకసారి ఇవ్వు. డిక్కీలోంచి ఒకటి తీసుకోవాలి."

అత్తగారి అల్లిక ఆగింది. తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు.

"డిక్కీలో ఏముంది రాన్‌వేగ్?" అన్నాడు హల్వార్డ్. చాలా నెమ్మదిగా అన్నాడు.

అప్పుడు ఆమె నోరు తడబడింది. ఎంత వద్దనుకున్నా అత్తగారి ముందు కొన్న లెఫ్సె అనే మాట పైకి రాలేదు. "ఏం లేదు. చిన్న సామాను."

"చూడు," అన్నాడు అతను చేతులు నీళ్ళలోనే ఉంచి. "నేను నిన్ను ఏమీ అనను. నాకు కోపం లేదు. మా చిన్నాన్న సంగతి నీకు తెలుసుగా. ఆయన్ని అందరూ కలిసి వెలేసినట్టు చేశారు. అలా కాకూడదనే మేం నీతో మామూలుగా ఉంటున్నాం. స్టావాంగర్‌ పట్నంలో ఇలాంటి వాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటుందట, ఆర్న్‌లాగ్ కనుక్కుంది. నేను తీసుకెళ్తాను. కారు మాత్రం నువ్వు నడపొద్దు."

"ఇలాంటి వాళ్ళంటే?"

తోర్‌బోర్గ్ తల వంచుకుని అంది, "సీసా అలవాటైన వాళ్ళు, అమ్మా."

రాన్‌వేగ్‌కి ముందు నవ్వొచ్చింది. హల్వార్డ్ చిన్నాన్న ఆ ఇంట్లో ఏ ఫొటోలోనూ లేడు. ఆయన పక్కన తనని నిలబెట్టారన్నమాట. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ సాయంత్రం వంటింటి వాసన, సంచిలో చిటపటలు, సింకు కింద కేకు డబ్బా, అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. భుజానికి రాసుకునే మందు కూడా నోటి వాసన కప్పడానికే అనుకుని ఉంటారు. ఏడాదిగా ఆ మందు వాసన పక్కలోనే ఉంది. అప్పుడెప్పుడూ ఏంటీ వాసన అని అడగని మనిషి, సారా వాసనకి గుమ్మంలోనే ఆగిపోయాడు. చివరికి అసలు సంగతి కూడా అర్థమైంది. ఆ దుప్పటి కప్పింది తనకి కాదు. తోమిన గిన్నెలు, పట్టుకున్న చెయ్యి, తడిసిన కళ్ళు, అవేవీ తనకి కావు. అవన్నీ లేని సీసాకి చేసిన మర్యాదలు. తనేమో ఆ మర్యాదలకి పొంగిపోయి థాంక్స్ కూడా చెప్పింది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

"పద," అంది. "డిక్కీ నువ్వే తెరువు."

"ఇప్పుడు వద్దులే..."

"పద హల్వార్డ్."

వానలో ఇద్దరూ వెళ్ళారు. తోర్‌బోర్గ్ కిటికీ దగ్గర నిలబడింది. అతను శవపేటిక మూత తీస్తున్నంత బరువుగా డిక్కీ ఎత్తాడు. లోపల లెఫ్సె కవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అతను వాటిని పక్కకి జరిపి కింద చూశాడు, చక్రం పెట్టే గుంటలో కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ లేదు. రాన్‌వేగ్ ఒక కవరు తీసుకుని ఇంట్లోకి నడిచింది. బల్ల దగ్గర కత్తెర తీసుకుని, అతని ముక్కు కిందే కత్తిరించింది.

"ఇదేగా వాసన?"

అతను వాసన చూశాడు. కవరు చేతుల్లోకి తీసుకుని మళ్ళీ చూశాడు. వాళ్ళమ్మకి అందించాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని, అచ్చంగా అదే అన్నట్టు తల ఊపింది.

"కొన్నాను," అంది రాన్‌వేగ్. "బజారుకి. భుజం నొప్పిగా ఉండి వత్తలేక కొన్నాను. చెప్పడానికి సిగ్గుపడి దాచాను. ఇంట్లో సీసా లేదు, ఎప్పుడూ లేదు."

హల్వార్డ్ కుర్చీలో కూలబడ్డాడు. ముఖం రెండు చేతుల్తో రుద్దుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. "లెఫ్సెనా," అన్నాడు, "లెఫ్సె కోసం నేను నిద్రపోలేదు తెలుసా. అప్పుడే చెప్పొచ్చుగా పిచ్చిదానా." వాళ్ళమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, దేవుడు మంచివాడంది. ఇద్దరి మీదా పెద్ద బరువు దిగిపోయిందని చూస్తేనే తెలుస్తోంది. ఆ నవ్వులో ద్వేషం ఏమీ లేదు. రాన్‌వేగ్ కూడా కాస్త నవ్వింది.

హల్వార్డ్ టవలుకి చేతులు తుడుచుకుని, టవలు ఆమె కుర్చీ వీపు మీద వేశాడు. "కాఫీ పెట్టు, గొంతు ఎండిపోయింది," అన్నాడు. సింకులో సగం గిన్నెలు అలాగే ఉన్నాయి. నురగ మెల్లగా కుంగుతోంది. అతను అటు చూడను కూడా చూడలేదు.

తోర్‌బోర్గ్ కవరు మూతి మడిచి పక్కకి నెట్టింది, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. "ఇవి మాత్రం మందిరానికి తేకు, తలెత్తుకోలేం. ఇంకా రెండు రోజులుందిగా, నువ్వొక్కదానివే చేసెయ్యగలవు. నీ చేతి వాటం వాళ్ళెవరికీ లేదు." ఫోను కోసం చెయ్యి చాపింది. "ఆర్న్‌లాగ్‌కి చెప్తానుండు, పాపం వాళ్ళు అనవసరంగా పంచుకున్నారు. ఏమీ లేదట, తనే చేస్తుందట అని."

"భుజం," అంది రాన్‌వేగ్.

"చేస్తుంటే అదే సర్దుకుంటుందిలే. ఇంతకంటే పెద్ద గండమే తప్పిందిగా."

ఆ మాటకి రాన్‌వేగ్‌కి కోపం రాలేదు. వస్తుందని ఎదురుచూసింది గాని రాలేదు. వాళ్ళకి భుజం కనపడక కాదు అనుకుంది. ఇప్పుడే చెప్పింది, ఇద్దరూ విన్నారు, వినగానే పనులన్నీ యథాస్థానానికి వచ్చాయి. కాఫీ, గిన్నెలు, పిండి, శుక్రవారం నేల, అన్నీ. వాళ్ళ లెక్కలో ఆడదాని నొప్పి పనిలో భాగం. దాన్ని పట్టించుకునేది లేదు. సీసా అయితే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొస్తారు. ఆ పరుగు ఎంత బాగుంటుందో ఈ కొన్నాళ్ళూ తను రుచి చూసింది. టవలు తీసి హల్వార్డ్ భుజం మీద వేసింది. లెఫ్సె కవరు మళ్ళీ తన వైపు లాక్కుని, ఒకటి తీసి, పైన వెన్న రాసుకుంది. సారా వాసన అప్పటికే చాలావరకు పోయింది. పంచదార చల్లుకుని, తీరిగ్గా మడత పెట్టుకుని ఒక ముక్క కొరికింది. అత్తగారు అప్పటికే నంబరు నొక్కుతోంది.

రాన్‌వేగ్ ఆ చేతి మీద చెయ్యి వేసింది. పిండి జిగురు చూసినట్టే, మెల్లగా.

"ఉండండి అత్తయ్యా. చెయ్యండి ఫోను, వద్దనను. తాగుడు ఇంకా మానలేదని చెప్పండి. భుజం నొప్పి అని మాత్రం చెప్పకండి, అది చెబితే మళ్ళీ నన్నే వత్తమంటారు."